విశ్రాంతి అని రాస్తే సరిపోదు, ఎన్ని వారాలో రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో పోయిన వారం గర్భస్రావం తరవాత తీసుకోవాల్సిన జాగ్రత్తల గురించి ఒక డాక్టరు గారు రాసింది చదివాను. బాగానే రాశారు. తగినంత విశ్రాంతి తీసుకోవాలి, బరువులు ఎత్తకూడదు, పౌష్టికాహారం తినాలి, మనసు ప్రశాంతంగా ఉంచుకోవాలి అన్నారు. పక్కన దానిమ్మ, ఖర్జూరం బొమ్మలు కూడా వేశారు. తగినంత అంటే ఎంతో మాత్రం రాయలేదు. ఆ విశ్రాంతి తీసుకున్నన్నాళ్లు జీతం ఎక్కడి నుంచి వస్తుందో కూడా రాయలేదు. ఆ పేజీ చదివేవాళ్లందరికీ ఇంట్లో మంచం, వండిపెట్టే మనిషి ఉంటారని అనుకున్నట్టున్నారు. నేను మాత్రం మధ్యాహ్నం భోజనాల టైంలో, షాపు సెల్లార్‌లో, టిఫిన్ బాక్సు కింద పరుచుకున్న పేపర్లో చదివాను.

నేను రాజమహేంద్రవరంలో ఒక పెద్ద బట్టల షాపులో పట్టు సెక్షన్‌లో సేల్స్‌గర్ల్‌ని. జీతం 12,000. పొద్దున తొమ్మిదిన్నరకి ఫ్లోర్ మీదకి వస్తే రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉండాలి. కస్టమర్లు లేనప్పుడు కూడా కూర్చోకూడదు. మా పని చూసేవాళ్లకి తేలిగ్గానే కనిపిస్తుంది. ఏసీలో పని, మంచి చీర కట్టుకుని నవ్వుతూ ఉంటారు కదా అంటారు. పెళ్లి పట్టుచీర ఒక్కోటి కిలో దాకా తూగుతుంది. ఒక పెళ్లివారు కూర్చుంటే పై అరల్లోంచి అలాంటివి ముప్పయ్యో నలభయ్యో దించాలి, విప్పాలి, నచ్చినవి ఒంటి మీద వేసుకుని చూపించాలి. వాళ్లు లేచి వెళ్లాక అన్నిటినీ పాత మడతల మీదే మళ్లీ మడతపెట్టి పైకి ఎక్కించాలి. చీర మీద చిన్న మరక పడినా ఆ ఖరీదు మా జీతాల్లో కోస్తారు.

నాకు నిరుడు, ఆషాఢం సేల్ మొదలైన వారంలో, కడుపు పోయింది. ఐదో నెల. బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్‌కి వెళ్తే బిడ్డ గుండె కొట్టుకోవడం లేదన్నారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మాత్రలు పెట్టారు, నొప్పులు వచ్చాయి, రాత్రంతా పడ్డాను, తెల్లవారుజామున అయిపోయింది. అప్పటికే నాకు ఒక పాప ఉంది కాబట్టి చెప్తున్నాను, పాపకి పడ్డ నొప్పులకీ వీటికీ నా ఒంటికి తేడా ఏమీ తెలియలేదు. తేడా అంతా తరవాతే. పాప పుట్టినప్పుడు మూడు నెలలు నన్ను గుమ్మం దిగనివ్వలేదు. చెవుల్లో దూది, నడుముకి గుడ్డ, మొదటి ముద్ద వెల్లుల్లి కారంతో, మా అమ్మ పంపిన సొరపుట్టు. ఈసారి మూడో రోజుకే అందరూ "ఇంకేంటి, లేచి తిరుగుతున్నావుగా" అనేశారు. చేతిలో బిడ్డ లేకపోతే ఒంట్లో కూడా ఏమీ జరగనట్టే లెక్క మనవాళ్లకి.

ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన చీటీలో "బ్లీడింగ్, రెస్ట్ ఐదు రోజులు" అని ఉంది. అంతే. ఎన్నో వారంలో పోయింది, ఏ తేదీన పోయింది, ఎందుకు చేర్చుకున్నారు, ఏమీ లేదు. ఐదు రోజులు ఏ లెక్కన రాశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జ్వరం వచ్చినా ఐదు రోజులే రాస్తారు. షాపులో మా ఫ్లోర్ మేనేజర్ గారికి ఆ చీటీయే వేదం. ఆరో రోజు పొద్దున్నే మా ఆయనకి ఫోన్ చేసి, "సీజన్ టైం కదా, ఎప్పుడు పంపిస్తున్నారు?" అని అడిగారు. నన్ను పట్టుకెళ్లి అప్పగించాల్సిన సరుకులాగా.

పాలు పడతాయని కూడా నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చిన రెండు మూడు రోజులకి రొమ్ములు రాళ్లలా గట్టిపడి, ఒళ్లు కాలిపోయింది. నాలుగో నెల దాటాక పోతే పాలు రావచ్చని తరవాత తెలిసింది. మీ డాక్టరు గారి వ్యాసంలో కూడా ఆ మాట లేదు. మా పక్కింటి మామ్మ గారు చూసి, మార్కెట్‌కి మనిషిని పంపి మల్లెపూలు తెప్పించి రొమ్ముల మీద వేసి గుడ్డతో కట్టింది. పిండితే ఇంకా వస్తాయి, ముట్టుకోకు అంది. ఆవిడ చెప్పినవన్నీ చేశాను గానీ నీళ్లు తక్కువ తాగమన్న మాట మాత్రం వినలేదు. ఒంట్లోంచి అంత రక్తం పోయిన మనిషి నీళ్లు మానేస్తే ఏమవుతుందో చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు. అయినా ఆ వీధి మొత్తం మీద నన్ను పచ్చి బాలింతలా చూసింది ఆవిడ ఒక్కతే.

తిరిగి డ్యూటీకి వెళ్లాక సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే విశ్రాంతి లేకపోవడం అంటే ఏమిటో పేపర్లలో ఎవరూ రాయరు. మా షాపులో లోపలికి వెళ్లేటప్పుడు హ్యాండ్‌బ్యాగులు, ఫోన్లు సెల్లార్‌లో లాకర్లో పెట్టేయాలి. ఆడవాళ్ల బాత్రూం కూడా సెల్లార్‌లోనే. మా సెక్షన్ రెండో అంతస్తు. కిందకి వెళ్లాలంటే రిజిస్టర్లో టైం రాసి సంతకం పెట్టాలి, ఆలస్యమైతే మైకులో పేరు పిలుస్తారు. అందుకని ప్యాడ్ మడిచి లంగా బొందు దగ్గర దోపుకునేదాన్ని, జాకెట్టు లోపల జేబురుమాళ్లు మడిచి పెట్టుకునేదాన్ని. మా యూనిఫాం చీర గంధం రంగు. దాని మీద ఏం పడినా కనిపిస్తుంది. పెళ్లికూతురి తల్లి ఒకావిడ "అమ్మా, ఆ ఎర్ర అంచుది నీ ఒంటి మీద వేసి చూపించు" అంటే, జాకెట్టు తడిసిందేమో, తడి చీరకి అంటుతుందేమో అని పమిట దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని చూపించాను. "సరిగ్గా పరిచి చూపించమ్మా" అని విసుక్కుంది ఆవిడ. ఆవిడ తప్పు లేదు, ఆవిడకి ఏం తెలుసు.

మధ్యాహ్నానికి కళ్లు తిరిగేవి. అట్టపెట్టె మీద కూర్చుంటే సూపర్‌వైజర్ వచ్చి కస్టమర్ల ముందు కూర్చోకూడదని లేపింది. ఆ అమ్మాయిదీ నా లాంటి ఉద్యోగమే. తగ్గాల్సిన బ్లీడింగ్ ఎక్కువైంది, గడ్డలు గడ్డలుగా పడింది. ఒక సాయంత్రం మెట్ల మీదే కూలబడితే తోటి అమ్మాయిలు ఆటోలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్కాన్ చేస్తే లోపల మాయ ముక్క ఉండిపోయిందన్నారు. హిమోగ్లోబిన్ 7 దగ్గరికి పడిపోయింది. రక్తం ఎక్కించి, మళ్లీ శుభ్రం చేశారు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కడుపు పోవడానికి షాపు కారణమని నేను అనడం లేదు. మా అత్తగారి తరఫు చుట్టాలు, చీర పెట్టెలు ఎత్తడం వల్లే పోయిందన్నారు. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరమ్మ ఆ మాట కొట్టిపారేసింది. కారణం చాలాసార్లు తెలియదమ్మా, నువ్వు చేసిన పనివల్ల మాత్రం కాదు అంది. లోపల ముక్క మిగిలిపోవడం కూడా నిలబడటం వల్ల కాదంది. కానీ ఇంట్లో పడుకుని ఉంటే బ్లీడింగ్ పెరుగుతున్న సంగతి ముందే గమనించి, రక్తం అంత పోకముందే వచ్చేదానివి అంది. నా గొడవ పోయిన తరవాత జరిగిన దాని గురించే.

ఆ డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఒకటుంది. "జీతంలో ఈఎస్ఐ కోస్తారా?" అంది. కోస్తారు. ఈఎస్ఐ అంటే ఉద్యోగుల కోసం ప్రభుత్వం నడిపే బీమా. నెలకి 90 రూపాయలు, నా జీతంలో 0.75 శాతం. యజమాని తన వంతు 3.25 శాతం కడతాడు. ఆ కార్డు మీద జలుబు మాత్రలు తెచ్చుకోవడం తప్ప ఇంకేం వస్తుందో నాకు తెలియదు. అప్పుడు చెప్పింది ఆవిడ. గర్భస్రావం అయిన మర్నాటి నుంచి ఆరు వారాలు సెలవు, ఆ సెలవుకి పూర్తి జీతం లెక్కన డబ్బు ఈఎస్ఐ ఇస్తుంది. ఇరవై ఆరో వారం లోపు ఎప్పుడు పోయినా వర్తిస్తుంది. దాని వల్ల ఒంట్లో బాగోకపోతే ఇంకో నెల కూడా పొడిగిస్తారు. అంతకు ముందు ఏడాదిలో కనీసం 70 రోజుల చందా కట్టి ఉండాలి, నాకు అంతకన్నా ఎక్కువే ఉంది. నాకైతే ఆరు వారాలకి పదహారు వేల పైచిలుకు.

ఇది నిన్నా మొన్నా వచ్చింది కూడా కాదు. 1961లో చేసిన ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఈ ఆరు వారాల సంగతి ఉండేది. పది మంది, అంతకు మించి పనిచేసే షాపులకి వర్తించేది. 2020లో పార్లమెంటు చేసిన, ఇప్పుడు దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కూడా అదే ఆరు వారాలు ఉంచారు. ఈఎస్ఐ లేనిచోట ఆ జీతం యజమాని ఇవ్వాలి. అంతే కాదు, గర్భస్రావమైన స్త్రీ చేత ఆ ఆరు వారాలు తెలిసి తెలిసి పని చేయించుకోకూడదని కూడా అందులో ఉంది. అంటే నేను అడగాల్సిన పని కూడా లేదు. ఫ్లోర్ మేనేజర్ గారే "ఇంటికి వెళ్లమ్మా" అనాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకైతే ఇందుకోసం సర్వీసు మొత్తం మీద 45 రోజుల సెలవు ఉందట. వాళ్లకి తెలుసు, వాడుకుంటారు. మా షాపులో రెండు వందల మంది దాకా ఆడపిల్లలం ఉన్నాం. ఈ సంగతి తెలిసినవాళ్లు ఒక్కరు లేరు.

డబ్బు కోసం వెళ్తే ఏమైందో కూడా రాయాలి కదా. ఈఎస్ఐ డిస్పెన్సరీలో కాగితాలు చూసి, గర్భస్రావం అయిన తేదీ ఎక్కడ అన్నారు. మొదటి ఆసుపత్రి చీటీ మీద "బ్లీడింగ్" అనే ఉంది. మా ఆయన పెయింటింగ్ పని మానుకుని ఆ ఆసుపత్రి చుట్టూ తిరిగాడు. కేస్ షీటు చూసి రాసివ్వమంటే, డాక్టరు గారు లేరు, రేపు రండి. చివరికి టిఫా స్కాన్ రిపోర్టు, ప్రభుత్వ ఆసుపత్రి డిశ్చార్జి కాగితం కలిపితే పని అయింది. డబ్బు బ్యాంకు ఖాతాలో పడింది గానీ మొత్తం రాలేదు. నేను షాపులో నిలబడిన రోజులకి ఇవ్వరు. ఆ రోజులు పనిచేసి జీతం తీసుకున్నాను కాబట్టి సెలవు కింద రాదు. రూలు ప్రకారం అది సరైనదే, నేను తప్పు పట్టడం లేదు. కాకపోతే ఆ రోజులు నేను ఎందుకు నిలబడ్డానో రూలుకి తెలియదు.

ఇందులో నాకు అంతుపట్టనిది ఒకటుంది. ఈఎస్ఐ ఉన్న షాపులో ఒక అమ్మాయి ఆరు వారాలు ఇంట్లో ఉంటే యజమాని జీతం కింద ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ఆయన కట్టాల్సింది నెలనెలా ఎటూ కట్టేశాడు. మరి సీజన్ అని బలవంతంగా రప్పించి ఏం సంపాదించారు? నేను మెట్ల మీద పడిన రోజు మా కౌంటర్ గంటసేపు మూతపడింది. తరవాత నేను ఎలాగూ నెలకి పైన రాలేకపోయాను. సీజన్లో మనుషులు చాలరంటారు, నిజమే, చాలరు. అందుకే కదా ఆషాఢానికి ముందు తాత్కాలికంగా ఇంటర్ చదివే పిల్లల్ని తీసుకుంటారు. ఇంకొకరిని తీసుకోవచ్చు. ఆ టైంలో నన్ను పనిలోంచి తీసేయడం కూడా చట్టం ఒప్పుకోదని తరవాత తెలిసింది. అప్పుడు తెలిసుంటే ఆ ఫోన్‌కి మా ఆయన ఇంకోలా జవాబు చెప్పేవాడు.

ఒంటి సంగతికి వస్తే, ఆ డాక్టరమ్మ చెప్పినవి మీ వ్యాసంలో లేనివి కొన్ని రాస్తున్నాను, పనికొస్తాయని. బ్లీడింగ్ వారం నుంచి రెండు వారాలు ఉండొచ్చు, రోజురోజుకీ తగ్గాలి. గంటకి రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతే ఇక ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్లిపోవాలి. 100.4 దాటిన జ్వరం, దుర్వాసన, తగ్గని కడుపునొప్పి ఉన్నా అంతే. నా పక్క మంచం అమ్మాయిది నెగెటివ్ గ్రూపు. అలాంటివాళ్లకి 72 గంటల లోపు ఒక ఇంజెక్షన్ చెయ్యాలి, లేకపోతే వచ్చే కాన్పులో బిడ్డకి ఇబ్బంది. ఆ అమ్మాయి ఊళ్లో ఎవరూ చెప్పక చివరి గంటల్లో వచ్చింది. బ్లీడింగ్ పూర్తిగా ఆగేదాకా భార్యాభర్తలు దూరంగా ఉండాలి. మళ్లీ నెలసరి నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది, కానీ అది రాకముందే మళ్లీ గర్భం రావచ్చు. ఈ రెండు ముక్కలూ మా ఆయన్ని కూడా లోపలికి పిలిచి చెప్పింది. బయట బెంచీ మీద కూర్చోబెట్టలేదు. అది నాకు నచ్చింది.

ఇక దానిమ్మ, ఖర్జూరం. డాక్టరు గారికి చెప్పండి, దానిమ్మతో రక్తం పట్టాలంటే నా జీతం దానిమ్మలకే సరిపోదు. ఐరన్ మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. టీతో కలిపి వేసుకోకూడదు, టీకి గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఒంటికి పడుతుంది. విరేచనం నల్లగా వస్తే కంగారు పడక్కర్లేదు. కోడి లివర్, మునగాకు, తోటకూర చవకే. వాటి బొమ్మలు వేస్తే పేజీ అందం చెడిపోతుందేమో తెలియదు.

మా అక్క కోనసీమలో కూలి పనికి వెళ్తుంది. దానికీ ఒకసారి మూడో నెలలో పోయింది, నాట్ల రోజుల్లో. వారం తిరక్కుండా మోకాలి లోతు నీళ్లలో వంగింది. దానికి ఈఎస్ఐ లేదు, యజమాని అంటూ ఒకడు లేడు, ఇవాళ ఈ రైతు, రేపు ఇంకో రైతు. ఆరు వారాలు ఎవరిని అడగాలి అది? నేను రాసిన చట్టంలో దాని ప్రశ్నకి జవాబు లేదు. ఇళ్లలో అంట్లు తోమేవాళ్ల సంగతీ అంతే. మా సంగతి వేరు. మాకు ఉన్నది మాకు తెలియకుండా పోతోంది, వాళ్లకి అసలు లేనే లేదు. ఆరు వారాలు విశ్రాంతి అవసరమని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు, ఆ అవసరం షాపులో నిలబడే ఒంటికి ఒకలా, పొలంలో వంగే ఒంటికి ఒకలా ఎలా ఉంటుందో పెద్దలే చెప్పాలి.

నేను అడిగేవి పెద్దవేమీ కాదు. ఆసుపత్రుల వాళ్లు డిశ్చార్జి కాగితం మీద గర్భస్రావం అని, ఎన్నో వారమో, ఏ తేదీనో రాసివ్వాలి. రెస్ట్ అన్నచోట ఐదు రోజులు కాకుండా ఆరు వారాలు అని రాయాలి. ఆ రాసేటప్పుడు ఈఎస్ఐ ఉందా అని ఒక్క మాట అడగాలి. ఆ ఒక్క మాట ఎవరూ అడగక నేను ఎంత పోగొట్టుకున్నానో పైన రాశాను. షాపుల్లో ఈ రూలు తెలుగులో పెద్ద అక్షరాలతో సెల్లార్‌లో, మేము భోజనం చేసే చోట, అంటించాలి. "సీసీ కెమెరాలు ఉన్నాయి, జాగ్రత్త" అని అంటించిన గోడ మీద ఇంకా చాలా ఖాళీ ఉంది.

మీరు కూడా ఒక పని చెయ్యండి. ఆ డాక్టరు గారు ఈసారి రాసినప్పుడు చివర్లో చిన్న బాక్సు కట్టి, ఆరు వారాల సెలవుకి ఏయే కాగితాలు కావాలి, ఎక్కడ ఇవ్వాలి, ఎన్నాళ్లలోపు ఇవ్వాలి అన్నది ఈఎస్ఐ వాళ్లని అడిగి వేయించండి. వేస్తే చెప్పండి, కత్తిరించి నేనే షాపులో పిల్లలకి పంచుతాను.

నా పేరు, షాపు పేరు వేయకండి. ఇంకా అక్కడే పనిచేస్తున్నాను.

ఇట్లు,
ఒక సేల్స్‌గర్ల్,
రాజమహేంద్రవరం